పూర్తికాల సేవకు పిలుపు: ఉద్యోగం మానాలా, ఆగాలా? ఎలా తేల్చుకోవాలి?

ఏలూరు_యూత్ అడిగిన ప్రశ్న

అందరికీ వందనాలు. వయసు 29, బీకాం చదివాను. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. భార్య, రెండేళ్ల పాప. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. యూత్‌లో, సండే స్కూల్లో పని చేస్తున్నాను. ఉద్యోగం మాని సంఘ పరిచర్యలోనే పూర్తికాల సేవ చేయాలన్న భారం (తపన) రెండేళ్లుగా మనసులో ఉంది. మొన్నటి ఉపవాస కూటాల్లో ప్రసంగీకులు "వలలు ఈ రోజే విడిచిపెట్టు" అనేసరికి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను, ఇంకా ఇవ్వలేదు. 3 లక్షల పర్సనల్ లోన్ మిగిలి ఉంది. ఇంట్లో ఆవిడ వద్దనడం లేదు కానీ భయపడుతోంది.

ఇది నిజంగా పిలుపేనని ఎలా తెలుసుకోవాలి? సి.ఎస్.ఐ.లో అయితే దారి ఏమిటి? "అంతకాలం ఎందుకు, సొంతంగా ఒక మందిరం మొదలుపెట్టు" అంటున్నారు స్నేహితులు. అందులో తప్పుందా?

డోర్నకల్_దారి

బ్రదర్, ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి. రాజీనామా ఆఖరి అడుగు. మనవాళ్లు దాన్ని మొదటి అడుగు చేసుకుని చాలా ఇళ్లు కష్టాల్లో పడ్డాయి.

బైబిల్లో పిలుపు ఎలా తేలిందో వరసగా చూడండి. సమూయేలుకు స్వరం వినబడింది కానీ అది ఎవరిదో తెలియలేదు, మూడోసారి ఏలీ గ్రహించి చెప్పాడు. బర్నబా, సౌలులను ప్రత్యేకించమన్న మాట అంతియొకయ సంఘం ఉపవాసముండి ప్రార్థిస్తున్నప్పుడు వచ్చింది (అపొ. 13). అప్పటికే వాళ్లిద్దరూ ఆ సంఘంలోనే ఒక సంవత్సరమంతా బోధించి ఉన్నారు (అపొ. 11:26). తిమోతిని పౌలు వెంటబెట్టుకు వెళ్లకముందే లుస్త్ర, ఈకొనియ సహోదరులు అతని గురించి మంచి సాక్ష్యం చెప్పారు. మనసులో భారం మొదలవడం ఒక ఎత్తు, మిమ్మల్ని రోజూ చూస్తున్న సంఘం "అవును, ఇతనే" అనడం మరో ఎత్తు. ఆ రెండోది లేకుండా బయల్దేరకండి.

ఇప్పుడు 1 తిమోతి 3:2-7 తెరిచి, ఒక్కో లక్షణం కింద గీత గీసుకుంటూ లెక్కపెట్టండి. పదిహేను వస్తాయి. వాటిలో నైపుణ్యం అనదగ్గది ఒక్కటే: బోధింపతగినవాడు. మిగతావన్నీ కోపం, డబ్బు, మద్యం, ఇల్లు, అతిథులు, విశ్వాసంలో ఎంత కాలంగా ఉన్నాడు, బయటివాళ్ల దగ్గర పేరు ఎలా ఉంది అన్న విషయాలే. మన దగ్గర పరీక్ష తలకిందులైంది. గొంతు బాగుండి, పాట పాడగలిగి, నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడితే "పిలుపు ఉంది" అనేస్తున్నాం.

కాబట్టి మీ అయ్యగారితో (పాస్టరుతో) మాట్లాడి ఒక ఏడాది మైకు లేని పని అడగండి. ఆదివారం అందరికంటే ముందొచ్చి మందిరం తాళం తీయడం, చాపలు పరచడం, ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు రాత్రి తోడు పడుకోవడం, భూస్థాపన రోజున గొయ్యి దగ్గర్నుంచి భోజనాల దాకా నిలబడడం. ఎవరూ చూడని చోట మూడు నెలలకే విసుగొచ్చి "నా తలాంతు వృథా అవుతోంది" అనిపిస్తే, లాగుతున్నది పరిచర్యా, వేదికా అని అప్పుడే తేల్చుకోవచ్చు.

ఈలోగా ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. మొదట మీ భార్య. తర్వాత ఆఫీసులో మీ పై అధికారి, క్రైస్తవుడు కాకపోతే మరీ మంచిది. మూడోవారు సంఘంలో మీతో ఎప్పుడూ ఏకీభవించని పెద్ద. ముగ్గురికీ ఒకటే ప్రశ్న: "కోపం వచ్చినప్పుడు, డబ్బు చేతికొచ్చినప్పుడు, తప్పు బయటపడినప్పుడు నేను ఎలా ఉంటాను?" మీది అకౌంట్స్ పని కదా, వోచర్లలో మీ చేతి నిజాయితీ ఏమిటో మీ అధికారికి తెలిసినంత మీ యూత్‌కు తెలియదు. ఏడో వచనం అడిగే బయటివారి సాక్ష్యం అదే.

పాస్టరేట్_కార్యదర్శి

సి.ఎస్.ఐ. దారి గురించి. తెలుగు ప్రాంతంలో డోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల, కరీంనగర్ డయోసిస్‌లు (ఒక్కో బిషప్ కింది ప్రాంతాలు) ఉన్నాయి. మీది కృష్ణా-గోదావరి. వయోపరిమితి, దరఖాస్తు గడువు డయోసిస్‌ను బట్టి మారతాయి గనుక ఒక పనిదినాన డయోసిస్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి అడగండి.

బాప్తిస్మ సర్టిఫికెట్, నిర్ధారణ (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. పాత రిజిస్టర్లలో పేరు స్పెల్లింగు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉండి చివరి వారంలో పరుగులు పెట్టేవాళ్లు చాలామంది. తర్వాత మీ ప్రెస్బిటర్ (సంఘ పాస్టరు) ఉత్తరం, పాస్టరేట్ కమిటీ తీర్మానం, డయోసిస్ ఎంపిక కమిటీ ఇంటర్వ్యూ. ఎంపికైతే డయోసిస్ అభ్యర్థిగా వేదాంత కళాశాలకు పంపుతారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మనవాళ్లకు బాగా తెలిసింది. లూథరన్, బాప్టిస్టు విద్యార్థులూ అక్కడ కలిసే చదువుతారు. అక్కడి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సు, ముందే మామూలు డిగ్రీ ఉన్నవాళ్లకు 4 ఏళ్లు, ఇంటర్‌తో చేరితే 5. డిగ్రీ ఇచ్చేది సెరంపూర్ సెనేట్.

చదువు పూర్తయ్యాక ఒక ప్రెస్బిటర్ కింద కొంతకాలం పని, ఆ తర్వాత డీకన్‌గా ఆర్డినేషన్ (సేవకు అభిషేకం), ఆపైన ప్రెస్బిటర్‌గా. రెండు మెట్లు. అంటే ఈ రోజు మొదలుపెడితే తెల్ల అంగీ వేసుకుని ప్రభురాత్రి భోజన సంస్కారం జరపడానికి ఆరేడేళ్లు పట్టవచ్చు. ఆ కాలాన్ని ఆటంకం అనుకోకండి. 1 తిమోతి 5:22 త్వరపడి ఎవరి మీదా చేతులుంచవద్దంటోంది, అంటే తొందరపడి ఎవరినీ సేవకు నియమించవద్దని. ఆ మాట అభ్యర్థిని కాపాడడానికి కూడా.

బి.డి. ఇంగ్లీషులో సాగుతుంది. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది ఇక్కడే కుంగిపోతారు, విశ్వాసం తగ్గిపోయిందనుకుంటారు. నిజానికి తగ్గింది భాష సాధన. రోజుకు రెండు పేజీల ఇంగ్లీషు వ్యాఖ్యానం చదివి, తెలుగులో అయిదు వాక్యాల సారాంశం రాయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. గ్రీకు అక్షరాలు 24, నెలలో వచ్చేస్తాయి.

ఉద్యోగం మానకుండా పరీక్షించుకునే మార్గం ఇంకొకటి ఉంది. సెరంపూర్ సెనేట్ దూరవిద్యలో డిప్లొమా, బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సులు నడుపుతుంది. ముందు డిప్లొమాలో చేరి చూడండి. రాత్రి పాప నిద్రపోయాక పాత నిబంధన చరిత్ర పుస్తకంతో కూర్చోగలుగుతున్నారా లేదా అన్నది మీకు మీరే చూసుకుంటారు. డబ్బు కట్టగానే "డాక్టరేట్" ఇచ్చే సంస్థల జోలికి మాత్రం పోవద్దు. చదవని చదువును పేరుకు ముందు పెట్టుకుంటే సేవ మొదటి రోజే అబద్ధంతో మొదలవుతుంది.

మీ ఇంట్లో ఆవిడకు ఒక మాట. సి.ఎస్.ఐ.లో స్త్రీల ఆర్డినేషన్ 1976 నుంచి ఉంది, 2013లో నంద్యాలకు మహిళా బిషప్ వచ్చారు. భారం ఆవిడకూ ఉంటే ఆవిడా దరఖాస్తు చేయవచ్చు. లేకపోతే "అయ్యగారి భార్య కాబట్టి" అని ఆవిడ మీద పని మోపకండి.

సంఘ_లెక్కలు

సొంత మందిరం సంగతి. తప్పు కాదు. కానీ సేవకుడు ఎక్కువగా జారేది డబ్బు దగ్గర. మంచివాడే జారతాడు, ఎందుకంటే చుట్టూ అడిగేవాడు ఉండడు.

మొదటి ఆరు నెలలు కొత్త ఉత్సాహంలో కానుకలు బాగా వస్తాయి. తర్వాత తగ్గుతాయి. మందిరం అద్దె, సౌండ్ సిస్టమ్ వాయిదా, మీ లోన్ ఈఎంఐ మూడూ ఒకే వారంలో పడతాయి. అప్పుడు ఒక విశ్వాసి దగ్గర పదివేలు చేబదులు తీసుకుంటారు. ఆ ఇంటి గొడవలో మీరిక నిజం మాట్లాడలేరు, ఎందుకంటే వాళ్లకు మీరు బాకీ. అందుకే లోన్ పూర్తిగా తీరాలి, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. ఈ రెండూ లేకుండా మొదలుపెట్టవద్దు.

కానుకల పెట్టె ఎప్పుడూ ఇద్దరే తెరవాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు. మందిరంలోనే లెక్కపెట్టి, నోట్ల వివరం రాసి, ఇద్దరూ సంతకం చేశాకే డబ్బు బయటికి కదలాలి. మరుసటి పనిదినం బ్యాంకులో పూర్తిగా జమ. ఖర్చులు వేరుగా చెక్కుతో. వచ్చిన కానుకలోంచే పెట్రోలుకు తీసి మిగిలింది జమ చేస్తే ఆ నెల లెక్క ఇక ఎవరికీ అర్థం కాదు. స్త్రీలు తెచ్చే పిడికెడు బియ్యం కూడా తూచి పుస్తకంలో రాయండి. పాస్టరు సంతకం ఒక్కటే చాలే ఖాతా తెరవద్దు, ఇద్దరి సంతకం ఉండాలి. 2 కొరింథీ 8:20-21లో పౌలు చందా సొమ్ము దగ్గర తీసుకున్న జాగ్రత్త ఇదే.

ఇప్పుడు ఎక్కువగా చెడేది క్యూఆర్ కోడ్ దగ్గర. పాస్టరు సొంత ఫోన్ నంబరుకు కట్టిన కోడ్ గోడకు అంటిస్తారు. పాలవాడి డబ్బు, పాప ఫీజు, దశమభాగం అన్నీ ఒకే ఖాతాలో కలుస్తాయి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే పన్ను ప్రశ్న కూడా వస్తుందని మీకు చెప్పక్కర్లేదు. ఏడుగురు సభ్యులతో 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించి, సొసైటీ పేరున ఖాతా తీయండి. ఆ ఏడుగురిలో మీ బావమరుదులు ముగ్గురుంటే రిజిస్ట్రేషన్ వస్తుంది కానీ జవాబుదారీతనం రాదు.

డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగు సంఘం "సపోర్టు పంపుతాం" అంటే అక్కడే ఆగండి. సంఘ పనికి విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ పెట్టి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. స్నేహితుడి ఎన్.ఆర్.ఐ. ఖాతా నుంచి మీ ఖాతాకు తెప్పించుకోవడం దారి కాదు.

ఇంకోటి, పెళ్లిళ్లు. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఎవరు పడితే వారు జరిపించకూడదు. బిషప్ చేత ఆర్డినేషన్ పొందినవారికి, ప్రభుత్వ లైసెన్సు ఉన్నవారికి, అలా చట్టం గుర్తించినవారికే అధికారం. అధికారం లేకుండా జరిపిస్తే సెక్షన్ 68 కింద పదేళ్ల దాకా జైలు. వేళ కూడా మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే. మీరు లైసెన్సు లేకుండా జరిపిస్తే వీసాకో, పింఛనుకో సర్టిఫికెట్ కావలసివచ్చిన రోజున ఆ దంపతులు ఇబ్బంది పడతారు.

కడప_అమ్మగారు

తమ్ముడూ, లెక్కల సంగతి వాళ్లు చెప్పారు. నేను ఇళ్ల దర్శనాల సంగతి చెబుతాను, మంచి పేరు పోయేది ఎక్కువగా అక్కడే.

ఒంటరిగా వెళ్లొద్దు. ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే ఉంటే ఇంకో సహోదరిని వెంటబెట్టుకుని, వాకిట్లోనో తలుపు తీసి ఉన్న గదిలోనో కూర్చోండి. ఆస్పత్రిలో పది నిమిషాలు చాలు. రోగి మంచం మీద కూర్చోకండి, గట్టిగా ప్రార్థించి పక్క మంచం వాళ్లను లేపకండి. "మాత్రలు ఆపెయ్, విశ్వాసముంచు" అన్న మాట నోటి నుంచి రానే కూడదు. షుగరు, బీపీ, టీబీ, ఫిట్స్ మందులు మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత కోసం ప్రార్థించండి, మందు వేళకు వేసుకోమని మీరే గుర్తుచేయండి.

విన్నది కడుపులో దాచుకోవాలి. మన సంఘాల్లో గుట్టు బయటపడేది చాడీగా కాదు, ప్రార్థన అంశంగా. "ఫలానా సహోదరి కుటుంబ సమస్య కోసం ప్రార్థించండి" అని మైకులో అన్నారంటే మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. పేరు చెప్పవచ్చా అని వాళ్లనే అడగండి, వద్దంటే మీరొక్కరే ప్రార్థించండి.

ఒక్క విషయంలో మాత్రం మౌనం తప్పు. సండే స్కూలు పిల్లలెవరైనా తమ మీద లైంగికంగా ఎవరో చేయి వేశారని చెబితే, అది సంఘపెద్దల దగ్గర రాజీ చేసే గొడవ కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే ఆరు నెలల దాకా శిక్ష. "సంఘం పరువు" అని ఎవరు ఆపినా ఆగకండి. బిడ్డ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, పదే పదే ప్రశ్నలు వేయకండి.

ఇక మరదలి భయం. భయం అంటే అవిశ్వాసం అనుకోవద్దు. నెలకు ఇంత వస్తుంది, మూడు నాలుగేళ్లకోసారి బదిలీ ఉంటుంది, పాప బడి మారుతుంది, వారంలో ఈ ఒక్క రోజు నేను ఎవరి ఇంటికీ వెళ్లను అని కాగితం మీద రాసి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆవిడ "సరే" అనేదాకా దరఖాస్తు ఇవ్వకండి.

ఏలూరు_యూత్

అందరికీ వందనాలు. రాజీనామా చింపేశాను. ఒక్క సందేహం: కమిటీలో ఒక పెద్దకు నా మీద పాత కోపం ఉంది. ఆయన అడ్డుపడి తీర్మానం రాకపోతే?

పాస్టరేట్_కార్యదర్శి

తీర్మానం దాకా ఆగకండి, ఈ వారమే ఆయన ఇంటికి ఒంటరిగా వెళ్లండి (మత్తయి 18:15). సేవ సంగతి ఎత్తకుండా పాత విషయం ఒక్కటే మాట్లాడండి. మీ తప్పు ఉన్నంత వరకు ఒప్పుకోండి, "కానీ మీరూ..." అని కలపకండి. తర్వాత కూడా తీర్మానం రాకపోతే కారణం ఏమిటో అయ్యగారి ద్వారా అడిగి తెలుసుకోండి. అది లోన్ గురించో, కోపం గురించో అయితే సరిచేసుకుని వచ్చే ఏడాది మళ్లీ అడగవచ్చు. యూత్‌ను వెంటేసుకుని కమిటీ మీదికి మాత్రం వెళ్లకండి. ఈ లోపల బ్యాంకులో లోన్ ముందస్తుగా తీరిస్తే ఛార్జీ ఎంతో కనుక్కోండి, బోనస్ వచ్చే నెల అసలుకు కట్టేయవచ్చు.