"చాలామందిని నమ్మొచ్చు" అని మీరు అనగలరా? అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో_శ్రీను
అందరికీ నమస్కారం. ఇక్కడ జనరల్ సోషల్ సర్వేలో 1972 నుంచి ఒక ప్రశ్న అడుగుతున్నారు: మామూలుగా చాలామందిని నమ్మొచ్చా, లేక మనుషులతో జాగ్రత్తగా ఉండాలా? మొదట్లో 46 శాతం నమ్మొచ్చన్నారు. 2018కి అది 34కి దిగింది. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు ఈమధ్య అడిగినా అంతే వచ్చింది. జాతులవారీగా చూస్తే తెల్లవాళ్లలో 40, నల్లవాళ్లలో 21. ఆసియా వాళ్లం 38, దాదాపు తెల్లవాళ్లతో సమానం. మనకు ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది?

అట్లాంటా_నర్సు
శ్రీను గారూ, ఆ 21 ఎందుకో నాకు డ్యూటీలో కనబడుతూనే ఉంటుంది. మొన్న డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయనకు స్కాన్‌కి ముందు కన్సెంట్ ఫారం ఇచ్చాను. ఒక్కో లైను మీద వేలు పెట్టి నాతో పైకి చదివించుకున్నారు. ఇంజెక్షన్ సీసా మీద పేరు చూపించమన్నారు. కూతురికి ఫోన్ చేసి, ఆమె సరేనన్నాకే సంతకం పెట్టారు. పక్కనున్న కొలీగ్ మొండివాడు అంటే నాకు కోపమొచ్చింది. టస్కిగీ మా పక్క రాష్ట్రం అలబామాలోనే ఉంది. అక్కడ 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న సుమారు 400 మంది నల్లవాళ్లకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ సంగతి బయటపడే నాటికి ఈయన కుర్రవాడు. ఆయన జాగ్రత్తను మొండితనం అనడం అన్యాయం.

ఎడిసన్_లక్ష్మి
శ్రీనూ, 38లో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ వాళ్లందరూ ఉన్నారు, అది మన ఒక్కళ్ల లెక్క కాదు. పైగా చదువు, ఆదాయం ఎక్కువున్నవాళ్లు ఎక్కువ నమ్ముతారని అదే సర్వే చెబుతోంది. 1965 వలస చట్టం తర్వాత డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చారు, ఆ తర్వాత హెచ్1బీ వాళ్లం. ఏరి తెచ్చుకున్న జనం మనం. మనవాళ్లు నల్లవాళ్ల మీద తీర్పులు చెప్పేటప్పుడు ఇది మర్చిపోతారు.

కాన్సాస్_మూర్తి
నేను 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేథ ఊరి దగ్గరే ఉన్నాను. బార్లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజినీర్‌ని "నా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపారు. కాల్చినవాడు అతన్ని ఇరానీ అనుకున్నాడు. సెన్సస్ ఫారంలో మనం ఏ జాతి గడిలో టిక్ పెడతామో వాడికి అనవసరం. అమ్మ ఫోన్ చేసి బయట తెలుగులో మాట్లాడొద్దురా అంది. చాలా నెలలు గ్రోసరీ స్టోర్లో మా ఆవిడతో ఇంగ్లీషులోనే మాట్లాడాను.
కానీ వాణ్ణి ఆపబోయి తూటా తిన్నవాడూ తెల్ల కుర్రాడే, అక్కడే కూర్చుని ఉన్నాడు. ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని ఇండియన్లు అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. నన్ను ఆ ప్రశ్న అడిగితే, ఒకే రాత్రి ఒకే గదిలో ఉన్న ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

డెట్రాయిట్_స్వాతి
నేను ఇక్కడే పుట్టాను. నా భర్త నల్లజాతి అతను. నల్లవాళ్లు, తెల్లవాళ్లు పెళ్లి చేసుకోవడం సరేనా అని గాలప్ 1958లో అడిగితే 4 శాతం ఒప్పుకున్నారు, 2021లో 94. దేశం అంత మారింది. మా ఇంట్లో మాత్రం నాన్న రెండేళ్లు నాతో మాట్లాడలేదు. సర్వేవాళ్లకు ఎవరైనా మంచి జవాబే చెబుతారు. సొంత కూతురి విషయం వచ్చేసరికి అసలు జవాబు బయటికొస్తుంది.
ఇంకో మాట. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు మనవాళ్లు తెల్లవాళ్లు కాదని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. ఈ గడ్డ మీద మనమూ గేటు బయట నిలబడినవాళ్లమేనని నాన్నకు చెప్పాను. ఆయనకు ఆ కేసు సంగతే తెలియదు.

ఫ్రిస్కో_శ్రీను
స్వాతీ, ఇది రాసినందుకు థాంక్స్. ఇల్లు వెతికేటప్పుడు "నల్లవాళ్ల ఏరియా వద్దు, రేటు పెరగదు" అని నాకు చెప్పింది మనవాళ్లే. 1930ల్లో ప్రభుత్వ సంస్థే అలాంటి ఏరియాలను మ్యాపుల్లో ఎర్రగా గుర్తుపెట్టింది, బ్యాంకులు అక్కడ అప్పులివ్వలేదు. ఇళ్ల విషయంలో వివక్ష కూడదని 1968లో చట్టం వచ్చింది. మనం వచ్చింది దాని తర్వాత. అయినా ఆ మాట మన నోట్లోకి చేరింది.

ఎడిసన్_లక్ష్మి
స్వాతీ, ఇప్పుడు నాన్నగారు మీ ఆయనతో మాట్లాడతారా అమ్మా?

డెట్రాయిట్_స్వాతి
మాట్లాడతారు అక్కా. బాబు పుట్టాక మెల్లగా మొదలైంది. కిందటి చలికాలం ఇద్దరూ కలిసి మా డ్రైవ్‌వేలో మంచు తీశారు. కానీ గుంటూరులో బంధువులకు ఇంకా ఫొటో పంపలేదు.