లండన్ నుంచి పారిస్: ఫ్లైటా, రైలా?

అమ్మానాన్నలు లండన్ వస్తున్నారు, పారిస్ కూడా చూపిద్దామని. దూరం 350 కిలోమీటర్లు కూడా లేదు కదా! మరి ఉదయం 9కి ఫ్లైట్ ఎక్కితే 11:20కి దిగుతామట, తిరుగు ఫ్లైట్ సాయంత్రం 6కి బయల్దేరి 6:20కే దిగుతుందట. ఇదేం లెక్క? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు.

జవాబు 1: పారిస్ టైమ్ లండన్ కంటే గంట ముందు, అంతే. రెండువైపులా గంటా ఇరవై నిమిషాలే. అందులో గాల్లో ఉండేది గంటలోపే, మిగతాదంతా రన్‌వే మీద తిరగడం.

జవాబు 2: పెద్దవాళ్లతో అయితే రైలే మేలండీ. యూరోస్టార్ రైలు లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఎక్కితే దాదాపు రెండుంపావు గంటల్లో పారిస్‌లోని గార్ దు నార్ స్టేషన్‌లో, అంటే ఊరి మధ్యలోనే దిగుతారు. ఫ్లైట్ అయితే ముందు హీత్రో ఎయిర్‌పోర్ట్ చేరాలి, అటు పారిస్‌లో షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్ట్ నుంచి మళ్లీ పాతిక కిలోమీటర్లు ఊళ్లోకి. ఫ్రెంచ్ పాస్‌పోర్ట్ తనిఖీ కూడా లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది కాబట్టి అక్కడ దిగాక క్యూ ఉండదు. దారిలో సముద్రం కింది సొరంగం 50 కిలోమీటర్లు, రైలు ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది, కిటికీలోంచి చీకటి తప్ప ఏమీ కనపడదు, మావాళ్లు చేపలు కనిపిస్తాయని ఎదురుచూశారు!

జవాబు 3: అన్నా, వీసా సంగతి ఎవరూ చెప్పలేదేంటి? యూకే వీసాతో ఫ్రాన్స్‌లోకి రానివ్వరు, షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చేది) విడిగా తీసుకోవాలి. పులిహోర పట్టుకెళ్లు, పెరుగన్నం మాత్రం వద్దు, బ్రిటన్ నుంచి పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లకూడదు. నాన్నగారికి వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే అడుగు, డబ్బులేం తీసుకోరు.