గుంట మగ్గం మనిషికి తుంటి మార్పిడి: ఆపరేషన్ అయ్యాక మళ్ళీ గుంటలో దిగొచ్చా?

గట్టుమీద_మనిషి
అందరికీ నమస్కారమండీ. కాస్త పొడుగుంటుంది, ఓపిక పట్టండి.

మాది అమలాపురం దగ్గర నేతగాళ్ళ ఊరు. 1989లో కలిసి పదో తరగతి రాసినవాళ్ళం ఏడుగురం ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నాం. మాలో గుంట మగ్గం నేసే ఒకడికి కుడి తుంటి పోయింది. తొడ ఎముక పైన గుండుకి రక్తం అందక అది నలిగిపోయిందట, ఏవీఎన్ అన్నారు. ఇద్దరు డాక్టర్లకి చూపించాం. కీలు మార్చడం తప్ప దారి లేదని ఇద్దరూ ఒకటే మాట. ప్రైవేటులో 2,40,000 అవుతుందన్నారు. మేం ఆరుగురం, దుబాయ్‌లో ఉన్న ఇద్దరూ కలిపి ఇప్పటికి 1,65,000 పోగేశాం.

మగ్గం కింద కాళ్ళు పెట్టుకోడానికి తవ్విన గుంటలోంచి వాడు పైకి రావడం మీరు చూడాలి. ఇంటి వాసానికి కొబ్బరి తాడు కట్టుకున్నాడు. ఎడం చేత్తో తాడు పట్టుకుంటాడు, కుడిచేత్తో లుంగీతో సహా కుడి తొడని గుప్పిట పట్టి బస్తా ఎత్తినట్టు ఎత్తి గట్టు మీద పెడతాడు. తర్వాత మిగతా మనిషి వస్తాడు. నోటివెంట చిన్న మూలుగు కూడా రాదు. మొహం మాత్రం చెమటతో తడిసిపోద్ది.

మొన్న ఆదివారం మాలో ఒకడు, "ఇంత పోసి మార్పిస్తాం, వాడు మళ్ళీ గుంటలో దిగుతాడు, కీలు జారుద్ది, అప్పుడేంటి?" అన్నాడు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొబ్బరాకు
ఎవరి నంబరుకి పంపాలో చెప్పండి గురూ. మిగతాది నాకు తెలీదు.

నాడె_మాస్టారు
నలభై ఏళ్ళు మగ్గం మీద బతికినవాడిగా చెప్తున్నాను. గుంట మగ్గం అంటే నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవడం అనుకుంటారు తెలీనివాళ్ళు. కాదండీ. కాళ్ళు గుంటలో కిందకి వేలాడతాయి, గట్టు మీద కూర్చుంటాం. కుర్చీకీ దానికీ తేడా ఏంటి? ఆఫీసులో గుమాస్తా కూర్చోగా లేనిది నేతగాడు కూర్చుంటే తప్పా? డాక్టర్లు మగ్గం ఎప్పుడు చూశారు? నిక్షేపంలా దిగొచ్చు.

లంకలో_లెక్కలు
ప్రశ్న గుంట గురించి కాదు. 1,65,000 ఎవరి ఖాతాలో ఉంది? రసీదులున్నాయా? ప్రభుత్వ పథకం ఎందుకు వాడుకోలేదు? 2007లో ఆరోగ్యశ్రీ అని పెట్టారు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఇది చెప్పడానికే ఒక మనిషి ఉంటాడు. ముందు ఆయన్ని అడక్కుండా చందాలేంటి?

గట్టుమీద_మనిషి
అడిగామండీ. రేషన్ కార్డులో వాడు ఇంకా వాళ్ళన్నయ్య కుటుంబంలోనే ఉన్నాడు. విడదీయమని సచివాలయంలో అర్జీ పెట్టి నెల దాటింది, రేపూ ఎల్లుండీ అంటున్నారు. వాడికి రాత్రిళ్ళు నిద్ర లేదు. డబ్బు మా ఇద్దరి పేర ఉమ్మడి ఖాతాలో ఉంది, పాస్‌బుక్ ఎవరడిగినా చూపిస్తాం.

కాకినాడ_ఫిజియో
ఇలాంటి కేసులు రోజూ చూస్తుంటాను కాబట్టి రెండు మాటలు. మాస్టారు చెప్పింది సగం నిజం. గుంట మీద కూర్చున్నాక ఇబ్బంది తక్కువే. అసలు తంటా దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ. నేలమట్టం గట్టు మీద కూర్చోవాలంటే ముందు గొంతుక్కూర్చున్నంత కిందకి వంగాలి. అప్పుడు తొడ పొట్టకి ఆనుతుంది. కొత్త కీలుకి పడనిది అదే. వెనకవైపు నుంచి ఆపరేషన్ చేస్తే మొదటి 6 నుంచి 12 వారాలు తొడ 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. కండరాలు కుదురుకోకముందే ఇవి చేస్తే కీలులోని బంతి గిన్నెలోంచి జారుతుంది. ఆ తర్వాత ఎంతవరకు వదలొచ్చన్నది చేసిన సర్జన్ చెప్పాలి. మన దగ్గర చాలామంది సర్జన్లు నేల మీద కూర్చోవడం జన్మలో వద్దనే అంటారు.

ఇంతకీ ఇంట్లో మరుగుదొడ్డి ఎలాంటిది? మగ్గం కన్నా ముందు అది చూసుకోండి.

నాడె_మాస్టారు
గట్టు నేలమట్టంగా ఉంటుందని మీకెవరు చెప్పారమ్మా? మా ఇంట్లో గట్టు మీద జానెడు ఎత్తున పలక వేసుకుంటాం. గుంట లోతు మూరన్నర. మోకాలు సరిగ్గా వంగుద్ది, తుంటి మరీ అంత వంగదు.

లంకలో_లెక్కలు
మూరన్నర ఎక్కడండీ? మా ఇంట్లో గుంట మూరే. వర్షాకాలం గోదారి పొంగితే గుంటలో నీళ్ళు ఊరి అదీ ఉండేది కాదు. మనిషికో లోతు, మగ్గానికో లోతు. మీ ఇంటి కొలత ప్రపంచానికి కొలతా?

నాడె_మాస్టారు
మూర గుంటలో ఎవడు నేస్తాడు? మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

లంకలో_లెక్కలు
తగిలేవి. అందుకే మానేశాం.

వేణ్ణీళ్ళ_కాపడం
గుంటలో తేమ వల్లే వచ్చిందండీ ఇది. మా మావయ్యక్కూడా అంతే. వావిలాకు వేసి కాపడం పెడితే తగ్గిపోద్ది, కోయించకండి.

కాకినాడ_ఫిజియో
తేమ వల్ల ఎముక గుండు నలగదండీ. ఎక్కువగా కనిపించే కారణాలు స్టెరాయిడ్ మందులు ఏళ్ళ తరబడి వాడటం, మద్యం, పాత దెబ్బలు. నలిగిపోయాక కాపడంతో నొప్పి గంటసేపు తగ్గొచ్చు, గుండు మళ్ళీ గుండ్రం కాదు.

గట్టుమీద_మనిషి
మందు ముట్టడండీ వాడు. కానీ ఆయాసానికని ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన ఇచ్చిన తెల్లటి చిన్న బిళ్ళలు ఐదారేళ్ళు మింగాడు. పేరు లేని పొట్లం. ఇప్పుడు తల్చుకుంటే కడుపు మండుతుంది.

వలసపక్షి_కూకట్‌పల్లి
కీలు ఎన్నేళ్ళు నిలుస్తుందో చూసుకోండి ముందు. ఇప్పుడు వాడే పద్ధతికి ఆద్యుడు ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్. ముందు టెఫ్లాన్ గిన్నె పెడితే త్వరగా అరిగిపోయింది, 1962లో గట్టి పాలిథిలిన్‌కి మారాక నిలబడింది. 2019లో లాన్సెట్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 25 ఏళ్ళు దాటి నిలిచేవి నూటికి 58 అని దాని అంచనా. మీవాడికి 52 అనుకుంటే 77 దాకా రావచ్చు, రాకపోనూవచ్చు. లోహం మీద లోహం రాసుకునే రకం ఒకటి 2010లో వెనక్కి తీసుకున్నారు. ఏ రకం పెడుతున్నారో కాగితం మీద రాయించుకోండి, పెట్టె మీద ఉండే స్టిక్కరు అడిగి దాచుకోండి.

నాడె_మాస్టారు
పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె కూడా అరుగుద్ది. మార్చుకుంటాం. దాని కోసం నేత మానేస్తామా?

లంకలో_లెక్కలు
ఇదే నాకు మండేది. నా సొంత విషయం చెప్తాను. మా అన్నయ్యకి తుంటి మార్పించాం. మూడో నెలలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. అందరూ బంతిలో కింద కూర్చుంటే తను ఒక్కడూ కుర్చీలో కూర్చుంటే ఏం బావుంటుందని కింద కూర్చున్నాడు. పప్పు వడ్డించేలోగా జారింది. ఆ అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అంబులెన్సు, మత్తు ఇచ్చి మళ్ళీ లోపలికి ఎక్కించడం. ఒక్క పూట మొహమాటం. అలాంటిది రోజుకి నాలుగుసార్లు గుంట దిగి ఎక్కేవాడి సంగతేంటి? పైగా నేతగాళ్ళకి 50 దాటితే నెలకి 4,000 పింఛను వస్తోంది. ఇంట్లో కూర్చోమనండి.

నాడె_మాస్టారు
4,000తో ఇల్లు గడుస్తుందా? నువ్వు గడుపు ఒక నెల.

కొబ్బరాకు
నంబరు ఇంకా పెట్టలేదు.

కాకినాడ_ఫిజియో
మీరిద్దరూ లోతు దగ్గరే ఆగిపోయారు. స్టాండు మగ్గం ఉంది కదండీ? నేల పైన చట్రం, ఎత్తు బల్ల మీద కూర్చోవడం. కుర్చీలోంచి లేచినట్టు లేవొచ్చు. మూడు నాలుగు నెలలయ్యాక, సర్జన్ సరేనంటే, తొక్కుడు మెల్లగా మొదలుపెట్టొచ్చు.

నాడె_మాస్టారు
స్టాండు మగ్గం మీద ఆ నేత రాదమ్మా. ఆ పడుగు, అంటే నిలువు పోగుల, బిగువు వేరు. మా వీధిలో మా చిన్నప్పుడు ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. అందులో అంచు బుటా చెయ్యి తిరిగినవాడు వీడొక్కడే. వీణ్ణి కూడా లేపేస్తే ఇంకెవడున్నాడు?

లంకలో_లెక్కలు
ఇప్పుడొచ్చావ్ దారికి. "వీడొక్కడే." అంటే వాడి కాలు బాగవ్వాలని కాదు, నీ బుటా ఆగిపోకూడదని. నువ్వెవరో నాకు తెలిసిపోయిందిలే మాస్టారూ. ఆ మగ్గం మీదున్న పడుగు నీదే. నేత కూలి మీద వాడికి ముందుగా ఇచ్చిన అడ్వాన్సు కూడా నీదే. అవునా కాదా?

నాడె_మాస్టారు
అవును. 18,000 ఉంది. ఉంటే? దొంగసొత్తా అది? వాళ్ళ అమ్మాయి పురిటికి వాడడిగితే ఇచ్చాను. అప్పుడు ఈ స్నేహితులెక్కడున్నారు? నువ్వెవడివో నాకూ తెలిసింది. కండెలు చుట్టడానికి నామోషీ అనిపించి బైపాసు రోడ్డులో ఎరువుల కొట్టు పెట్టినవాడివి. మగ్గం మీద నీకెప్పుడూ కోపమే.

లంకలో_లెక్కలు
కోపమే. మా నాన్న ఇలాంటి అడ్వాన్సు తీర్చడానికే చూపు మందగించాక కూడా నేశాడు. ఒక పడుగు అయ్యేసరికి ఇంకో పడుగు ఎక్కించి, దాని మీద ఇంకో అప్పు. లేవనిస్తే కదా. మా నాన్న పోయినరోజు కూడా మగ్గం మీద మూడు గజాలు మిగిలే ఉంది. నేను కొట్టు పెట్టినప్పుడు కులవృత్తి వదిలేశాడని మీ అరుగు మీద కూర్చుని అన్న మాటలు నాకు గుర్తున్నాయి. నేనిక్కడ లెక్కలు అడిగింది డబ్బు గురించి కాదు. ఆపరేషన్ అయ్యాక వాణ్ణి ఎవడు మళ్ళీ గుంటలో కూర్చోబెడతాడో తెలుసుకుందామని.

వేణ్ణీళ్ళ_కాపడం
పెద్దవాళ్ళు ఇలా పోట్లాడుకుంటే ఎలాగండీ.

గట్టుమీద_మనిషి
తప్పు నాది. ఇక్కడ రాసింది వాడికి చెప్పలేదు. ఇందాక వెళ్ళి ఫోనులో మొత్తం చదివి వినిపించాను. మంచం మీద పడుకుని విన్నాడు. మధ్యలో ఆపి వాళ్ళావిణ్ణి టేపు తెమ్మన్నాడు. నన్ను గుంటలోకి దింపి కొలిపించాడు. 2 అడుగుల 1 అంగుళం. "మూరకి పద్దెనిమిది అంగుళాల లెక్కన మాస్టారికి రెండంగుళాలు, కొట్టాయనకి ఏడంగుళాలు తప్పు. ఇద్దరికీ చెప్పు" అన్నాడు.

తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పుడన్నాడు: "నేస్తానా మానతానా అని నేనింకా అనుకోలేదురా. చొక్కా తొడుక్కుని ఎర్రవంతెన దాకా నడిచి రావాలని ఉంది. అది అయ్యాక అడగండి. డబ్బు మాత్రం చందా అని రాయకు. ఎవడెంతిచ్చాడో రాసిపెట్టు."

మరుగుదొడ్డి పాతరకమే. కమోడ్ కావాలి.

లంకలో_లెక్కలు
చందా అనద్దంటే ఏమని రాయాలట? అప్పని రాస్తే ఇంకో అడ్వాన్సు అవుతుంది అది. నేను ఒప్పుకోను. నావి 10,000. తిరిగివ్వక్కర్లేదని రాయి, లేకపోతే పంపను.

గట్టుమీద_మనిషి
వాడు ఒప్పుకోడు.

లంకలో_లెక్కలు
వాడికి చూపించే పుస్తకంలో వాడికి కావల్సినట్టు రాసుకో. నీ పుస్తకంలో నేను చెప్పినట్టు రాయి.

నాడె_మాస్టారు
మగ్గం మీద మూడు చీరలున్నాయి. నేనొచ్చి నేసి దింపుతాను. నాకు ఇంకా కాళ్ళు ఆడుతున్నాయి. మజూరీ వాడి పద్దులోనే వేస్తాను, అడ్వాన్సులో తగ్గుద్ది. మిగిలింది ఆ పిల్ల పురిటికి ఇచ్చిందనుకుంటాను. స్టాండు మగ్గం మీద ఆ బుటా రాదని మాత్రం ఇప్పటికీ అంటాను.

లంకలో_లెక్కలు
రాకపోతే రాకపోయింది.

కాకినాడ_ఫిజియో
ఆపరేషన్ ముందు షుగర్ చూపించండి, పుచ్చుపళ్ళు ఏమైనా ఉంటే చూపించండి, చర్మం మీద పుండ్లు ఉండకూడదు. ఇన్ఫెక్షన్ వస్తే జారడం కన్నా పెద్ద గొడవ. ఆయాసం బిళ్ళల సంగతి మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపించకండి. మర్నాడే వాకర్ పట్టి నిలబెడతారు, కంగారు పడొద్దు. రాత్రిపూట మగమనిషి ఒకరు పక్కనుండాలి.

గట్టుమీద_మనిషి
రాత్రిళ్ళు ఆరుగురం వంతులు వేసుకున్నాం. ఆటో మావాడిదే ఉంది గానీ సీటు ఎత్తు తక్కువ, కారు చూస్తున్నాం. వచ్చే గురువారం చేరుస్తున్నాం. రక్తం బి పాజిటివ్, ఇద్దరు కావాలి.

కొబ్బరాకు
నాది బి పాజిటివే. గురువారం పొద్దున్నే వస్తా. కమోడ్ కుర్చీ కూడా మా ఇంట్లో ఉంది, నాన్నగారిది, అటక మీద. ఒక కాలికి రబ్బరు తొడుగు లేదు, బజార్లో కొనాలి. ఇప్పుడైనా నంబరు పెట్టు బాబూ.