వానల్లో సోలు అంటించినా నాలుగు రోజులకే నోరు తెరుస్తోంది

ప్రశ్న (పర్లాకిమిడి): బాగుకి వచ్చే స్పోర్ట్స్ బూట్ల సోలు అంటించడానికి పసుపు రంగు సొల్యూషనే (బంక) వాడుతున్నాం. ఎండాకాలం బాగానే పట్టింది, ఇప్పుడు ముందు భాగం ఊడిపోతోంది. గరుకుకాగితం పెట్టి రుద్దుతున్నాం, సుత్తితో కొడుతున్నాం. చుట్టూ కుట్టేస్తే సరిపోతుందా అన్నా?

జవాబు (రాయగడ): కుట్టు సంగతి తర్వాత. ఊడినచోట సొల్యూషన్ పొర ఎటు ఉండిపోయిందో చూడండి. బూటు పైభాగానికే అంటుకుని సోలు నున్నగా వచ్చేస్తే, ఆ సోలుకి ఆ సొల్యూషన్ పట్టనట్టే. తీగలు తీగలుగా సాగితే సరిగా ఆరలేదు, లేదా సోలు పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్). సోలే పొడిపొడిగా రాలుతుంటే అది పాతబడ్డ పీయూ (పాలీయురేథేన్). గాలిలో తేమకే చివికిపోతుంది, పెట్టెలో దాచినా అంతే. దాన్ని అంటించి డబ్బులు తీసుకుంటే మాట పడేది మీరే. సోలు మార్చాలని ముందే చెప్పేయండి.

జవాబు (బరంపురం): పసుపు సొల్యూషన్ అంటే నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన బంక. తోలుకి, రబ్బరుకి భేషుగ్గా ఉంటుంది. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే నూనె పైకి ఊరి దాన్ని జావలా చేసేస్తుంది. పీవీసీకి పీయూ బంక వాడాలి. టీపీఆర్‌కైతే (థర్మోప్లాస్టిక్ రబ్బరు) ముందు ప్రైమర్, అంటే బంక పట్టేలా చేసే ద్రవం, రాసి ఆరనివ్వాలి, రుద్దితే చాలదు. గుర్తుపట్టడానికి రాగి తీగ ఎర్రగా కాల్చి సోలుకి తాకించి మళ్లీ మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వస్తే పీవీసీ. పాత సొల్యూషన్ తగిలినా అదే రంగు వస్తుంది, శుభ్రంగా గీకిన చోటే చూడాలి. పొగ పీల్చకండి.

ప్రశ్న (పర్లాకిమిడి): రాగి తీగకి పచ్చ మంట రాలేదు. సోలు మామూలు రబ్బరే. మరి ఎందుకు ఊడుతోంది?

జవాబు (రాయగడ): అయితే తేమే. సొల్యూషన్‌లోని ద్రావకం ఎగిరిపోతూ పైపొరను చల్లబరుస్తుంది, వానగాలిలోని తడి దానిమీద మంచులా పడుతుంది. కంటికి కనబడదు. బూటు లోపల కూడా ఎండాలి, ఒక రాత్రి ఆగండి. రెండువైపులా పల్చగా రాసి, వేలు పెడితే అంటుకోనంతవరకు ఆరనివ్వండి, పావుగంట దాకా పట్టొచ్చు. తోలు పీల్చేస్తే రెండో పూత. అతికే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ముందునుంచి మడమకి నొక్కుతూ రండి. తొడగడం మర్నాడే.

జవాబు (బరంపురం): ఇక కుట్టు. సోలుమీద 2 మిల్లీమీటర్ల గాడి కోసి, దారం అందులో కూర్చునేలా కుట్టాలి. పైకి తేలితే రోడ్డుకి అరిగి తెగుతుంది. నైలాన్ దారానికి మైనం పట్టించండి. కుట్లు మరీ దగ్గరగా వేస్తే ఆరె (చిల్లులు పొడిచే పనిముట్టు) రంధ్రాల వెంబడే సోలు చిరుగుతుంది, 5 మిల్లీమీటర్లు ఎడం ఉంచండి.