తుప్పు పట్టిన ట్రక్కుకి కమాను బ్రాకెట్లు తయారు చేయడంలో సలహా కావాలి

మా పాత ట్రక్కు వెనక కమాను కట్టలని (లీఫ్ స్ప్రింగులని) ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లు తుప్పుకి పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. కొత్తవి దొరకడం లేదు, అందుకే ప్లేటు కోసి తయారు చేయాలనుకుంటున్నాను. సుత్తితో కొట్టి చూస్తే ఛాసిస్ మాత్రం గట్టిగానే ఉంది.

తుప్పు లేనిచోట పాత బ్రాకెట్ మందం 6 మిల్లీమీటర్లు. మామూలు మైల్డ్ స్టీల్ 8 మిల్లీమీటర్లది సరిపోతుందా, ఎక్కువ బలమున్న స్టీలే కావాలా? బ్రాకెట్ మరీ బిరుసైతే ఒత్తిడంతా బోల్టుల దగ్గర ఛాసిస్ మీద పడి పగుళ్లొస్తాయేమోనని నా భయం.

ఛాసిస్‌కి వెల్డింగ్ పెట్టను. వేడికి చుట్టూ ఉన్న లోహం బలం తగ్గుతుంది, పై కింది అంచుల్లో అది మరీ ప్రమాదం. పాత రివెట్ల రంధ్రాలనే రీమర్‌తో (రంధ్రాన్ని నునుపుగా, సరైన కొలతకి తెచ్చే పనిముట్టుతో) సరిచేసి, ఎక్కువ బలముండే 10.9 గ్రేడు బోల్టులు బిగించాలని ఆలోచన. రంధ్రంలో బోల్టు ఎంత టైటుగా ఉండాలి?

అన్నిటికంటే టెన్షన్, కమాను కట్టని బ్రాకెట్‌కి కలిపే పిన్ను రంధ్రాల గురించే. రెండు వైపులా ఒకే వరసలో రాకపోతే ఇరుసు వంకరగా కూర్చుంటుంది, టైర్లు అరిగిపోతాయి. ఆ పిన్ను కూర్చునే బుష్ గొట్టాన్ని వెల్డ్ చేసేటప్పుడు ప్లేటు వంగిపోకుండా ఎలా పట్టి ఉంచాలి? రెండింటిలోంచి ఒకే కడ్డీ దూర్చి, కొంచెం కొంచెంగా వెల్డ్ చేస్తే చాలా?

లోడు మీద ఇది ఊడితే ప్రాణాల మీదకొస్తుంది. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.