చిన్నప్పటి మారియో పాట నెమ్మదిగా ఉండేదని గుర్తు, రికార్డింగుల్లో పరిగెడుతోంది: రీమిక్స్ చేయడానికి సాయం కావాలి

ప్రశ్న (రాజోలు నుంచి)

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 1998లో కొబ్బరి దింపు డబ్బులు చేతికి రాగానే మా నాన్నగారు నన్నూ తమ్ముడినీ పాలకొల్లు తీసుకెళ్లి వీడియో గేమ్ కొనిపెట్టారు. పసుపు రంగు క్యాసెట్, మీద 9999 ఆటలని రాసి ఉండేది. వాటిలో మేము అరిగిపోయేదాకా ఆడింది మారియో. కరెంటు పోతే తప్ప ఆ పాట మా ఇంట్లో ఆగేది కాదు.

వచ్చే మాఘమాసంలో తమ్ముడి పెళ్లి. పెళ్లి వీడియో మొదట్లో ఆ పాటనే రీమిక్స్ చేసి పెడదామని నా కోరిక. మా పెద్దమావయ్య సన్నాయి వాయిస్తారు, ఆయన జట్టులో డోలు ఆయన ఉన్నారు. ల్యాప్‌టాప్‌లో ఎల్‌ఎంఎంఎస్ అనే పాటలు కట్టే సాఫ్ట్‌వేరు వేసుకుని రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాను.

చిక్కు ఏమిటంటే, ఇప్పుడు దొరికే ఏ రికార్డింగు పెట్టినా పాట పరిగెడుతోంది. మాకు గుర్తున్నది నింపాదిగా, కాస్త ముక్కుతో పాడినట్టు ఉండేది. తమ్ముడూ అదే అంటాడు. మిగతావాళ్లు మాత్రం అది మీ భ్రమ, చిన్నప్పటి సంగతులు అలాగే అనిపిస్తాయి అంటున్నారు. పోనీ వేగం తగ్గిద్దామంటే గొంతు బండగా మారిపోతోంది. ఎంపీ3లోంచి రాగం ఒక్కటే విడదీయడం కూడా నా వల్ల కావడం లేదు. సన్నాయికి ఏ శృతిలో ఇవ్వాలో అదీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు (అమలాపురం)

గొంతు బండగా మారుతోందంటే మీరు ఆడాసిటీ అనే సౌండు సాఫ్ట్‌వేరులో చేంజ్ స్పీడ్ వాడి ఉంటారు. అది వేగాన్నీ శృతినీ కలిపి దించేస్తుంది. చేంజ్ టెంపో వాడండి, శృతి అక్కడే ఉంటుంది. ఎంత తగ్గించాలో మాత్రం నేను చెప్పలేను, అది మీ చెవి చెప్పాలి.

జవాబు (పాలకొల్లు)

ఎంత తగ్గించాలో లెక్క ఉందండీ. 16.67 శాతం. మీ అన్నదమ్ములది భ్రమ కానే కాదు. మీ ఇంట్లో మోగిన పాట నిజంగానే నెమ్మదిగా ఉండేది.

ఆ ఆట 1985లో జపాన్‌లో వచ్చింది, సంగీతం కోజి కోండో గారిది. అప్పటి జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు తెరను గీసేవి. మనది అప్పట్లో పాల్ పద్ధతి, 50 సార్లు. ఆ ఆటలో సంగీతం నడిపే ప్రోగ్రాము తెర గీసిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు వేస్తుంది. మన దగ్గర ఎక్కువగా అమ్మినవి ఆ ఆట చేసిన నింటెండో వాళ్ల మిషన్లు కావు, వాటి నకళ్లు. పాల్ టీవీల కోసం చేసిన ఆ నకళ్లు 50 లెక్కన నడిచేవి, లోపల క్యాసెట్ మాత్రం 60 లెక్కన రాసింది. కాబట్టి జపాన్ పిల్లాడు నిమిషంలో విన్న పాటను మనం 72 సెకన్లలో విన్నాం.

మరి శృతి ఎందుకు పడిపోలేదంటారా? టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతే రెండూ కలిసి పడిపోయేవి. ఇక్కడ తాళాన్ని నడిపేది టీవీ, స్వరాన్ని పుట్టించేది చిప్పు గడియారం. అసలు మిషన్‌లో ఆ గడియారం సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల సార్లు కొట్టుకుంటే, ఈ నకళ్లలో 17 లక్షల 73 వేల సార్లు. తేడా ఒక శాతం లోపే. హార్మోనియంలో మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరంలో ఆరో వంతు కిందికి దిగుతుందంతే. చాలామంది చెవి దాన్ని పట్టుకోదు.

ఇక ముక్కుతో పాడినట్టు ఉండేదన్నారు చూడండి, ఆ మాట చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చిప్పులో రాగం పలికించడానికి రెండు పల్స్ ఛానళ్లు ఉంటాయి. పల్స్ అంటే ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. ప్రతి అలలో సగం సేపు ఆన్‌లో ఉంటే 50 శాతం డ్యూటీ, గొంతు నిండుగా, బోలుగా ఉంటుంది. పావు వంతే ఆన్‌లో ఉంటే 25 శాతం, గొంతు సన్నబడి ముక్కులోంచి వస్తుంది. ఈ నకలు చిప్పుల్లో చాలావాటిలో ఆ రెండూ తారుమారై ఉన్నాయి. ఆట 50 అడిగితే చిప్పు 25 పలుకుతుంది, 25 అడిగితే 50. సంగీతం రాసినాయన ఒక గొంతు అనుకున్నాడు, మన ఇళ్లలో ఇంకో గొంతు పాడింది. మీరు పాతికేళ్లకు పైగా గుర్తుపెట్టుకున్నది ఆ రెండో గొంతునే. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి ఎమ్యులేటర్లలో (పాత మిషన్‌లా కంప్యూటర్‌లో ఆట ఆడించే సాఫ్ట్‌వేర్లు) డ్యూటీ తారుమారు చేసే ఆప్షన్ విడిగా పెట్టారు, మనలా విన్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు కాబట్టి. ఒకసారి టిక్ పెట్టి, కళ్లు మూసుకుని వినండి.

ఇప్పుడు పని సంగతి. ఎంపీ3 పక్కన పెట్టేయండి. అందులో అన్నీ కలిసిపోయి ఉంటాయి, పులిహోరలోంచి చింతపండు తీయమన్నట్టే. మీకు కావలసింది ఎన్‌ఎస్‌ఎఫ్ ఫైలు. అందులో ఉండేది రికార్డింగు కాదు, ఆటలోని సంగీతం ప్రోగ్రామే. ఎన్‌ఎస్‌ఎఫ్‌ప్లే అనే ప్లేయర్‌లో తెరిస్తే ఛానళ్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి: రెండు పల్స్, బేస్ పలికే ట్రయాంగిల్ ఒకటి, తాళం కొట్టే నాయిస్ ఒకటి. ఐదోది శాంపిల్ ఛానల్, ఈ ఆట పాటల్లో దానితో పని లేదు. ఒకటి ఉంచి మిగతావి మ్యూట్ చేసి, ఒక్కోదాన్ని వేవ్ ఫైలుగా తీసుకోండి.

అక్కడే రీజియన్ అని ఉంటుంది, జాగ్రత్త. పాల్ అని పెట్టకండి. అది యూరప్‌లో అమ్మిన అసలు మిషన్ లెక్క, దాని గడియారమే నిదానం కాబట్టి శృతి ఒక మెట్టుకు పైగా దిగిపోతుంది. డెండీ అని పెట్టండి. 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన నకలు మిషన్ పేరది. అదీ 50 తెరల రకమే, మన ఇళ్లలో మోగినవాటికి అదే దగ్గర.

ఎల్‌ఎంఎంఎస్‌లో ఎన్‌ఈఎస్ (ఆ నింటెండో మిషన్) గొంతు పలికే వాయిద్యం ముందే ఉంది. డ్యూటీ 25 పెట్టి చూడండి.

జవాబు (యానాం)

పై జవాబుకు చిన్న చేర్పు. మాకు హాస్టల్లో ఒక సీనియర్ వల్ల కొమొడోర్ 64 అనే పాతకాలపు ఇంటి కంప్యూటర్ పాటల రీమిక్సుల పిచ్చి పట్టింది, ఇప్పటికీ వదల్లేదు. అక్కడ ఈ కథ తిరగబడి నడిచింది. 1985 ప్రాంతంలో రాబ్ హబ్బార్డ్, మార్టిన్ గాల్వే లాంటివాళ్లు బ్రిటన్‌లో కూర్చుని 50 లెక్కన పాటలు కట్టారు. అవే అమెరికా మిషన్లలో సాధారణంగా 20 శాతం వేగంగా మోగేవి. పైగా దానిలో శబ్దం పుట్టించే, 1982 నాటి సిడ్ చిప్పులో ఫిల్టరు అనలాగ్, ఒక చిప్పుకీ ఇంకో చిప్పుకీ పొంతన ఉండదు. పక్క పక్క ఇళ్లలో ఒకే పాట రెండు రకాలుగా వినిపించేది. అందుకే అక్కడి రీమిక్సర్లు ఏది అసలు అని దెబ్బలాడుకోరు, ఏ మిషన్ మీద విన్నావు అని అడుగుతారు. మీరూ వీడియో కింద ఆ ముక్క రాయండి: పాల్ నకలు మిషన్ మీద విన్న పాట అని.

ఒక్క హెచ్చరిక. ఈ మారియో పాటకు అవసరం రాదు గానీ, రేపు ఇంకో ఆట పాట చేస్తే ఉపయోగపడుతుంది. సిడ్‌లో ఉన్నవి మూడే గొంతులు, కాబట్టి ఒకే గొంతుతో మూడు స్వరాల్ని కన్ను మూసి తెరిచేలోగా మార్చి మార్చి పలికించి, కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి పలికించడం) వాయించినట్టు భ్రమ పుట్టిస్తారు. గులగులమని వినిపిస్తుంది చూడండి, అదే. దాన్ని ఉన్నది ఉన్నట్టు సన్నాయికో వయొలిన్‌కో ఇస్తే వాయించేవాళ్ల వేళ్లు విరుగుతాయి. ఆ మూడు స్వరాల్నీ ఒకేసారి పట్టి, కార్డుగా హార్మోనియంకి ఇచ్చేయండి.

రాజోలు నుంచి

పాలకొల్లు వారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండీ. నిన్న రాత్రి డెండీ పెట్టి, ఇంకోపక్క ఎమ్యులేటర్‌లో డ్యూటీ తిప్పి, తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరు దగ్గర పెట్టాను. మొదటి మూడు సెకన్లకే “అన్నయ్యా, ఇదే, మన ఇంట్లోది ఇదే” అన్నాడు. తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఛానళ్లు విడిగా వచ్చాయి. రాగాన్ని మావయ్యకు వినిపించాను. శంకరాభరణంలా ఉందిరా అని వెంటనే పట్టుకున్నారు. కానీ ఒకచోట వాయిస్తుంటే ఆటలో ఉన్నట్టు రావడం లేదు, ఎక్కడో తేడా కొడుతోంది. అది ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాను.

జవాబు (నరసాపురం)

బాబూ, నేను ముప్పై ఏళ్లుగా పెళ్లిమేళాల్లో ఉన్నాను. మీ మావయ్యగారు పట్టుకున్నది సరైనదే, ఆ పాటకు ఆధారం శంకరాభరణం స్వరాలే. తేడా కొట్టేది నిషాదం దగ్గర. ధైవతం నుంచి పైకి వెళ్లి కిందికి దిగే చోట వినండి: కాకలి నిషాదం, వెంటనే కైశికి నిషాదం, మళ్లీ ధైవతం. రెండు నిషాదాలూ పక్కపక్కనే. మనకు శంకరాభరణంలో కైశికి నిషాదం లేదు కాబట్టి ఆయన వేళ్లు అలవాటు కొద్దీ దాన్ని దాటేస్తున్నాయి. “మావయ్యా, అక్కడ రెండు నిషాదాలూ మెట్లు దిగినట్టు దిగాలి” అని చెప్పండి, ఒక్క మాటలో అర్థమైపోతుంది. ఆ ఒక్కచోట గమకం వద్దనండి, స్వరాలు విడివిడిగా పలకాలి. మిగతాచోట్ల ఆయన ఇష్టానికి వదిలేయండి. కైశికి పలికించడానికి ఊదు కాస్త సర్దుకోవాలి, పది సార్లు వాయిస్తే కుదురుతుంది.

శృతి గురించి అడిగారు. ఆట పాట ఒకటో శృతిలో ఉంది. సన్నాయి శృతి కట్టేటప్పుడే ఖాయమైపోతుంది, మనం మార్చలేం. ఆయనది రెండు శృతి అయితే మీ కంప్యూటర్‌లో పాటను రెండు మెట్లు పైకి జరపండి, రెండున్నర అయితే మూడు మెట్లు. సన్నాయిని పాట దగ్గరికి లాగకండి, పాటనే సన్నాయి దగ్గరికి తీసుకురండి.

ఇంకోటి. ఆ 50 లెక్క మీకు మేలే చేసింది. నేను రెండు వేగాల్లోనూ వాయించి చూశాను. వేగం ఎక్కువైనదానిలో ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు. మీ ఇంట్లో మోగిన వేగానికి సన్నాయి హాయిగా పలుకుతోంది.

జవాబు (పాలకొల్లు)

చదువుతుంటే మనసు నిండిపోయిందండీ. రికార్డింగుకు నాలుగు మాటలు చెబుతాను.

ముందు బేస్, నాయిస్ రెండే ఉన్న ట్రాకు తయారు చేసి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో డోలు ఆయనకు వినిపించండి, మావయ్యకు వద్దు. సన్నాయి మోతలో ఇయర్‌ఫోన్ వినిపించదు, ఆయన ఎటూ డోలును చూసే నడుస్తారు. డోలు ఒక్కటే ముందు రికార్డు చేసి, దాని మీద సన్నాయి వాయించమన్నా బాగుంటుంది, తర్వాత సర్దుకోవడం తేలిక. ఫోన్‌తోనే రికార్డు చేసేటట్టయితే సన్నాయికి కనీసం ఏడెనిమిది అడుగుల దూరంలో, గొట్టానికి ఎదురుగా కాకుండా పక్కకు పెట్టండి. దగ్గర పెడితే గొంతు పగిలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

మొదటి ఎనిమిది ఆవర్తాలు చిప్పు గొంతు ఒక్కటే ఉంచండి. సన్నాయి వచ్చాక చిప్పును పూర్తిగా తీసేయకండి, రెండో పల్స్‌ను సన్నగా వెనక ఉంచండి. రెండూ ముక్కు గొంతులే, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

పాట హక్కులు నింటెండోవి. ఇంట్లో చూసుకునే పెళ్లి వీడియోకు సాధారణంగా ఇబ్బంది రాదు గానీ, బయట పెడితే మాత్రం కోజి కోండో గారి పేరు వేయండి, డబ్బు ముట్టుకోకండి. ఊరికే వేగం తగ్గించి గొంతు మార్చినదాన్ని ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ అనే ఆట పాటల రీమిక్సుల వెబ్‌సైటు వాళ్లు తీసుకోరు. 1999 నుంచి నడుస్తున్న చోటు అది, వచ్చిన ప్రతి రీమిక్సునూ విని, అసలు పాట గుర్తుపట్టేలా ఉందా, చేసినవాళ్లు సొంతంగా ఏం కట్టారు అని చూస్తారు. మీ మావయ్యగారి చేత మధ్యలో ఒక నిమిషం కల్పనాస్వరాలు వాయించి చూడమనండి.

రాజోలు నుంచి

మావయ్యది రెండున్నర శృతేనండీ, మూడు మెట్లు జరిపేశాను. రెండు నిషాదాల సంగతి చెప్పగానే నవ్వి, మూడోసారికే దించేశారు. ఆదివారం వంతెన అవతల వాళ్లింట్లో రికార్డింగు. పగలు కరెంటు పోతుందట, జనరేటరు మోత పడకుండా తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడుతున్నాం.