సంఘం మీటింగులో ఇద్దరే మాట్లాడుతున్నారు, మిగతావాళ్లని ఎలా కలుపుకోవాలి?

మహేంద్రతనయ:
పర్లాకిమిడి పక్కన పొదుపు సంఘం, 12 మంది ఆడవాళ్లు. ఏడుగురు తెలుగువాళ్లు, ఐదుగురు ఒడియావాళ్లు. నేను కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తాను, వాళ్లు చాపల మీద రెండు వరసల్లో. ఏం అడిగినా తలలూపుతారు, వచ్చే వారానికి ఏ పనీ అవదు. నోరు విప్పేది అధ్యక్షురాలూ, ఆవిడ తోటికోడలూ, అంతే.

వంశధార:
ముందు ఆ కుర్చీ తీసెయ్యండి. మీరు పైన, వాళ్లు కింద ఉన్నంతసేపూ అది బడే. వెనక వరసకి కనిపించేవి ముందువాళ్ల కొప్పులు. కొప్పుతో ఎవరు మాట్లాడతారు?

చాపలు గుండ్రంగా వెయ్యండి. మనిషికి 80 సెంటీమీటర్లు అనుకుంటే, మీతో కలిపి 13 మందికి ఆ చుట్టు అడ్డం మూడుంబావు మీటర్లు. అంతకన్నా పెద్దదైతే మెల్లగా మాట్లాడేవాళ్ల మాట అటువైపు చేరదు. ఆ ఇద్దరినీ మీకు చెరోపక్కన, మాట్లాడనివాళ్లని ఎదురుగా కూర్చోబెట్టండి. ఒకరు మాట ఆపగానే అందుకునేది పక్కవాళ్లకంటే ఎదుటివాళ్లే ఎక్కువని 1950లోనే స్టైన్జర్ అనే మనస్తత్వ పరిశోధకుడు గమనించాడు. మీరు పెత్తనం గట్టిగా చేస్తే మాత్రం తిరగబడుతుంది, ఎవరి పక్కవాళ్లతో వాళ్లు గుసగుసలాడుకుంటారు. అత్తాకోడళ్లు ఉంటే ఎదురెదురుగా వద్దు, కోడలి చూపు చాప మీదనుంచి లేవదు.

నాగావళి:
తలూపడాన్ని ఒప్పుకోలు కింద రాసుకోకండి. మనవాళ్లు తల అటూ ఇటూ ఆడిస్తే చాలాసార్లు 'వింటున్నాను' అనే. ఒడియావాళ్ల 'ఆజ్ఞా' కూడా మర్యాద మాటే. 'సరేనా?' అంటే ఊపు తప్ప ఇంకేం రాదు. 'బ్యాంకుకి ఎవరెళ్తారు, ఏ రోజు?' అని అడిగి మనసులో ఐదు లెక్కపెట్టండి. రెండు దగ్గరే మీరు మళ్లీ అందుకుంటే, ఒడియాలో అనుకుని తెలుగులో చెప్పబోతున్న మనిషి ఆగిపోతుంది.

ఆ కాసేపూ రిజిస్టరు మూసి ఉంచండి. మీ తల వంగి కనిపిస్తే 'రాసేసుకుంటోంది, అయిపోయింది' అనుకుంటారు. జవాబు వచ్చాక ఆవిడ మాటనే ఒకసారి పైకి అని, అప్పుడు రాయండి.

కొండగాలి:
మాటలకి 7 శాతమే విలువ, మిగతాదంతా గొంతూ ముఖమూ అంటారుగా? వాళ్లు చేతులు కట్టుకుంటే మనమూ కట్టుకోవాలట.

నాగావళి:
ఆ లెక్క మెహ్రాబియన్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1967లో చేసిన ప్రయోగాలది. విడి మాటలు రకరకాల గొంతులతో వినిపించి, ముఖాలు చూపించి, ఇష్టమా అయిష్టమా అని అడిగిన లెక్క అది. కిస్తీ తేదీకి పనికిరాదు. కావాలని అనుకరిస్తే వెక్కిరించినట్టుంటుంది. మాట వేగం మాత్రం వాళ్లకి తగ్గట్టు తగ్గించుకోండి. చేతులు కట్టుకోవడం చలికి కూడా కావచ్చు, మీ గజపతి జిల్లా కొండల్లో డిసెంబరు కదా.

మహేంద్రతనయ:
తోటికోడలిని ముందు చోటునుంచి కదిపితే అలగదా?

వంశధార:
పైకం లెక్కపెట్టే పని ఆవిడకే అప్పజెప్పండి. రిజిస్టరు పక్కనే కూర్చోవాల్సొస్తుంది. నోట్లు లెక్కపెడుతున్నంతసేపూ మాట్లాడదు కూడా.